చప్పిడి గోడ

శంఖావతి దేశాన్ని ఏలే ధవళకేతు మహారాజుకు తెలుపంటే మోజు. తెల్ల ఏనుగు, తెల్ల గొడుగు, చలువరాతి మేడ ఆయనకు చాలలేదు. పట్టాభిషేకం జరిగిన ఏడాదే, దేశం చుట్టూ మబ్బులను తాకే తెల్లగోడ కట్టిస్తానని దండోరా వేయించాడు. బయటి దొంగలు లోపలికి రాకుండా ఉండటానికట. లోపలి జనం బయటికి పోకుండా ఉండటానికేనని పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ తెలిసిన సంగతిని నోరు జారి పైకి అన్నవాళ్ళందరూ ఆ గోడకు కావలసిన సున్నం దంచడానికి వెళ్ళారు.

సున్నం దంచే ఆ చోటుకు రాజశాసనాల్లో ఆనందవనం అని పేరు. జనం మాత్రం సున్నపు దొడ్డి అంటారు. దాని శోభ కళ్ళారా చూడవలసిందే. మూడు దిక్కులా వెన్నముద్దల వంటి సున్నపురాతి గుట్టలు, నాలుగో దిక్కున సూర్యకిరణాలకు ధగధగ మెరిసిపోయే మహాప్రాకారం, నడుమ బారులు తీరిన బట్టీల శిఖరాల నుంచి ఎడతెగక ఎగసే ధూమం. ఆ పొడి రాలి రాలి అక్కడి నేల తెలుపు, చెట్ల మోళ్ళు తెలుపు, చివరికి కాకులు కూడా తెలుపే. ఆస్థానకవులు పల్లకీలో వచ్చి, దూరం నుంచే చూసి, ఆ సొగసు మీద శతకాలు రాసుకుని పోయారు. ఒక్కడూ దిగి ఒక పూట అక్కడి జావ తాగి చూడలేదు.

ఆ దొడ్డిలో మనుషులు లేరు, చేతులు ఉన్నాయి. భటులు ఎవరినైనా "ఏయ్, చెయ్యీ" అనే పిలుస్తారు. పేరు చెప్పుకోవడం నేరం. చుట్టరికం అంతకంటే పెద్ద నేరం. ఒక కడుపున పుట్టినవాళ్ళు ఇద్దరు దొడ్డిలో ఉన్నట్టు తెలిస్తే ఇద్దరినీ బట్టీ మూతి దగ్గర పనికి తోలతారు. ఆ సెగకు నెలకు మించి నిలిచినవాడు లేడు. తెల్లవారగానే అందరూ బారుగా నిలబడి "సుఖంగా ఉన్నాం ప్రభూ" అని అరవాలి. మెల్లగా అంటే రాజద్రోహం, మరీ గట్టిగా అంటే వెటకారం. రెంటికీ కొరడా ఒకటే.

మాట్లాడుకోవడానికి వాళ్ళకు మిగిలింది రోకళ్ళ చప్పుడు. రాతి తొట్ల చుట్టూ నిలబడి సున్నం, ఇసుక, బెల్లపు నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి దంచుతారు. రోకలి పడేటప్పుడు ఒక మాట, లేచేటప్పుడు మౌనం. అలా ఒక చిన్న కబురు చెప్పుకోవడానికి ఒక పూట పట్టేది. ఆ తునకల మాటల్లోనే వాళ్ళు ఒక పెద్ద కుటుంబాన్ని అల్లుకున్నారు.

కొత్తవాడు ఎవడు వచ్చినా తొట్టికి పెద్దయిన అవ్వ మొట్టమొదట అడిగే మాట ఒకటే. "నీకు ఎవరు కావాలబ్బా?" బిడ్డను పోగొట్టుకున్నవాడికి ఒక బిడ్డ దొరుకుతుంది, తల్లికి దూరమైనవాడికి తల్లి దొరుకుతుంది. అందరూ అందరినీ వరస పెట్టి పిలుస్తుంటే, వీళ్ళలో నిజం చుట్టాలు ఎవరో కనిపెట్టడం భటుల తరం కాలేదు. కొన్నాళ్ళు కొట్టి చూశారు, విసుగెత్తి ఊరుకున్నారు.

అయితే ఒకసారి కుదిరిన వరసకు మర్యాద తప్పరాదు. ఓబన్న అనే ముసలి సున్నపుబట్టీ పనివాడు అవ్వకు అల్లుడి వరస అయ్యాడు. ఆ రోజు నుంచి అవ్వ అతని ముందు ముఖం చూపలేదు. అతను వస్తున్నాడంటే తల మీది గోనెపట్టా ముందుకు లాక్కుని పక్కకు తిరిగేది. అతను కూడా అత్తగారికి ఎదురుపడి కూర్చోలేదు, నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. "జావలో ఉప్పు లేదని మీ అవ్వతో చెప్పు" అనేవాడు పక్కవాడితో. "ఉప్పు రాజుగారు తిన్నాడని మీ మామతో చెప్పు" అనేది అవ్వ, గోడ వైపు చూస్తూ. ఇద్దరి మధ్యా జానెడు దూరం ఉండేది. నవ్వు రాని ఆ చోట ఆ ఒక్కటీ చూసి అందరూ కడుపులోనే నవ్వుకునేవాళ్ళు.

ఇంతకీ మన కథానాయకుడు శరభుడు ఈ దొడ్డిలోకి ఎలా వచ్చిపడ్డాడంటే, కోరి వచ్చిపడ్డాడు. అడవి గుర్రాలను మాలిమి చేసే సాహిణి కొడుకు అతను. అతని అక్క చెంగల్వ, ఊరేగింపులో మహారాజు ఏనుగు కాలుజారి చతికిలబడితే నవ్వింది. ఆ నవ్వుకు ఆమెను పట్టుకుపోయారు. అప్పటికి శరభుడు కుర్రవాడు. ఇప్పుడు రొమ్ము విరుచుకున్న మగవాడై, అక్కను తెచ్చుకోవడానికి బయలుదేరి, మొసళ్ళ మడుగు ఈది, నడిబజారులో రాజశాసనం చదువుతున్న వేళ అందరూ చూసేలా ఆవలించాడు. సాయంత్రానికి దొడ్డిలో ఉన్నాడు.

వచ్చాడు సరే, అక్కను గుర్తుపట్టడం ఎలా? అన్ని ముఖాలూ ఒకే తెలుపు. సున్నం పొడికి అన్ని గొంతులూ బొంగురే. కడుక్కుందామంటే ఒంటి మీది సున్నం నీళ్ళు తగిలితే కాలుతుంది. పేరు పెట్టి అడిగితే అక్కను చేజేతులా చంపుకున్నట్టే. అవ్వ "ఎవరు కావాలబ్బా" అని అడిగినప్పుడు అతను "అక్క" అన్నాడు.

అవ్వ అతన్ని తొట్టికి అవతలి వైపు, చూపు మందగించి తడుముకుంటూ దంచుతున్న ఒక ఆడమనిషి దగ్గర నిలబెట్టింది. "ఈ పిల్లకు తమ్ముడు లేడు. మీరిద్దరూ ఇకమీద నా మనవడూ మనవరాలూ" అంది.

ఆ మనిషి అతని రోకలి ఏ చేతివైపు నుంచి పడుతోందో వింటూ చాలాసేపు దంచింది. తర్వాత రోకలి దెబ్బకు ఒక్కొక్క మాట చొప్పున ఇలా అంది: "ఎడమచేత్తో... రోకలి పట్టొద్దు... నాయిన తిడతాడు."

శరభుడి చేతిలో రోకలి ఆగిపోయింది. ఎడమచేతివాటాన్ని తండ్రి తిట్టడం, అక్క అడ్డుపడటం ఇంకెవరికి తెలుస్తుంది? ఏడుపు తన్నుకొచ్చింది. "ఏడవద్దు" అంది చెంగల్వ. "కన్నీళ్ళు పడితే... చెంపలు కాలతాయి. నన్ను అక్కా అను... అందరూ అన్నట్టే అను. నిజమని మాత్రం... ముఖంలో కనపడనీకు." అంత ఆనందాన్ని అంత గుట్టుగా మింగవలసిరావడం పగవాడికి కూడా వద్దు. ఆనాటి నుంచి ఆ నిజం అక్కాతమ్ముళ్ళు ఉత్తుత్తి అక్కాతమ్ముళ్ళుగా నటిస్తూ పక్కపక్కనే సున్నం దంచారు.

ఇప్పుడు ఆపద ముంచుకొచ్చింది. మర్నాటి సాయంత్రం కళ్ళ పరీక్ష. దొడ్డి అధికారి నల్లపూస ఎత్తి చూపిస్తాడు. కనపడనివాళ్ళను బట్టీ మూతికి పంపుతాడు. చెంగల్వకు పూస కాదు, ఏనుగు కూడా కనపడటం కష్టం. పరీక్ష వేళకు ఆమె గోడ అవతల ఉండాలి, లేదా ఆమె మీద ఆశ వదులుకోవాలి.

గోడకు ఒక మర్మం ఉంది. కరువు ఏటి సంగతి. అప్పట్లో తల్లులతో పాటు పసివాళ్ళను కూడా దొడ్డిలోనే ఉంచేవారు. పిల్లలు ఆకలికి సొమ్మసిల్లిపోతుంటే, సున్నంలో కలపమని ఇచ్చిన బెల్లమంతా పిల్లల నోళ్ళలోకి పోయింది. ఆ ఏడు తయారైన సున్నానికి తీపి లేదు, కాబట్టి పట్టు లేదు. దాంతో కట్టిన భాగాన్ని వాళ్ళు చప్పిడి గోడ అంటారు. చూపుకు అది కూడా మెరుస్తూనే ఉంటుంది. ఆ సీమలో వాన పడదు కాబట్టి నిలబడి ఉంది. కాలిన రాయిని తడిపి పొడిగా విరవడానికి నీళ్ళు తెచ్చే కాలువ దాని పక్కనుంచే పోతుంది. మిట్టమధ్యాహ్నం, తెలుపు మీద ఎండ కొట్టే వేళ భటులు కళ్ళకు నల్లగుడ్డలు కట్టుకుని పందిరి కింద చేరబడతారు. అప్పుడు ఓబన్నా శరభుడూ కలిసి తూము ఎత్తి నీళ్ళను చప్పిడి గోడ మీదికి మళ్ళించాలి. ఇదీ ఏర్పాటు.

తీరా ఆ రోజు తెల్లవారగానే భటులు వచ్చి ఓబన్నను బట్టీలో రాళ్ళు పేర్చడానికని తీసుకుపోయారు. మధ్యాహ్నం కావస్తుండగా, జావ పోసే వేళకు అతను తిరిగొచ్చాడు. అదే తెగిన చెవి, అదే వంగిన నడుము, అదే దగ్గు. నేరుగా వచ్చి అవ్వకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అవ్వ ముంతలోనే చెయ్యి పెట్టి జావ కలిపాడు.

"ఏం అవ్వా, మన ఏర్పాటు ఎంతవరకు వచ్చింది?" అన్నాడు.

తొట్టి చుట్టూ రోకళ్ళన్నీ గాలిలో ఆగిపోయి, మళ్ళీ పడ్డాయి. శరభుడు అవ్వ వైపు చూశాడు. ఆమె గోనెపట్టా ముందుకు లాక్కోలేదు, పక్కకు తిరగలేదు. ఆ వచ్చినవాడి ముఖంలోకి తీరిగ్గా చూసింది.

"కూచో మనవడా" అంది. "బాగా అలిసిపోయి ఉండావు."

"అవునవ్వా" అన్నాడు వాడు.

ఇక సందేహం లేదు. ధవళకేతు కొలువులో కజ్జలుడనే మాంత్రికుడు ఉన్నాడని, బతికున్న మనిషి వెంట్రుకను నాలుక కింద పెట్టుకుంటే వాడికి ఆ రూపం వస్తుందని, వెంట్రుక జారితే రూపం కూడా జారుతుందని దేశమంతా చెప్పుకుంటారు. దొడ్డిలో ఒక నిజమైన తోబుట్టువుల జంట ఉన్నట్టు వాడి అంజనంలో కనిపించింది. ఎవరన్నది మాత్రం తెలుపు కింద కనిపించలేదు. గోడ దాటే ఏర్పాటు ఏదో జరుగుతోందని కూడా పసిగట్టి, అన్నీ వినిపోదామని వచ్చాడు. గుహలో ఒంటిగా పెరిగిన మనిషి వాడు. అత్తా లేదు, అల్లుడూ కాలేదు. ఎవరు ఎవరి ముందు కూర్చోరాదో వాడికి చెప్పినవాళ్ళెవరు?

ఓబన్నకు కొడుకు వరస, శరభుడికి బావ వరస అయిన చిట్టన్న, పెదవులు కదపకుండా రోకలి దెబ్బల మధ్య గొణిగాడు. "బావమరిదీ... ఇది మా నాయిన కాదు. నేను కొడుకునని చెప్పుకుంటూ... ఇంతకాలం తన్నులు తిన్నా. నాకు తెలుసు."

"మరి మామ యాడుండాడు?" అన్నాడు శరభుడు.

అవ్వ పని బెల్లం కాచడం. కొప్పెర అడుగున పాకం జిగురుగా మిగిలి ఉంది. తడిచేత్తో తీసి, నిమ్మకాయంత ముద్ద చేసి, ఆ దొంగ ఓబన్న నోటి ముందు పెట్టింది. "భటులు చూడకముందే మింగు నాయనా. ఏర్పాటు సంగతి చెప్పేముందు నోరు తీపి చెయ్యడం మా తొట్టి ఆచారం."

కాదంటే గుట్టు బయటపడుతుందేమోనని వాడు నోరు తెరిచాడు. పాకం పళ్ళకు అంటుకుంది, నాలుకకు అంటుకుంది, నాలుక కింది దానికి కూడా అంటుకుంది. ఎంత నమిలినా దవడలు ఊడిరావు. కళ్ళు తేలేసి, రెండు చేతులతో ముద్దను పీకాడు. దాంతో పాటు ఒక నెరిసిన వెంట్రుక కూడా వచ్చింది.

వెంటనే ఓబన్న రూపం కరిగి కారిపోయింది. తెల్లటి మనుషుల నడుమ కాటుకముద్ద లాంటి మనిషి ఒకడు, నల్లటి గడ్డం, నల్లటి పళ్ళు, నల్లటి గోళ్ళతో కూర్చుని ఉన్నాడు.

చిట్టన్న వెనకనుంచి వాడి మెడకు రోకలి అడ్డం పెట్టి బిగించాడు. "మా నాయిన యాడ?"

కజ్జలుడు నవ్వాడు. "చివరి బట్టీలో, రాళ్ళ నడుమ. మధ్యాహ్నపు నగారా మోగగానే కింద నిప్పు పెడతారు. మీకు గోడ కావాలో, ఆ ముసలాడు కావాలో తేల్చుకోండి."

అంటూనే చిటిక వేశాడు. బట్టీల మీది పొగ గిరగిర తిరుగుతూ కిందికి దిగి, కాటుక రంగు పాములై తొట్టి మీదికి బుసలు కొడుతూ పాకింది. ఒకటి చిట్టన్న కాలు చుట్టింది. ఇంకొకటి అవ్వ మీదికి లేచింది. శరభుడు తొట్టి పక్క కుప్పలోంచి దోసెడు పొడి సున్నం ఎత్తి దాని పడగ మీద చల్లాడు. తెల్లబడిన చోటల్లా పాము పెళుసుబారి పెచ్చులుగా రాలిపోయింది. "సున్నం" అని అరిచాడు అతను. అంతే, బతుకంతా తమను కాల్చిన సున్నాన్ని ఆ జనం దోసిళ్ళతో, చేటలతో, గోనెలతో విసిరారు. ఆ తెల్లటి దుమ్ములో ఎవరికెవరూ కనపడలేదు. దుమ్ము అణిగేసరికి పాములు లేవు. చిట్టన్న రోకలి కింద కజ్జలుడూ లేడు. పాకం ముద్దను పిడికిట్లో బిగించుకుని సన్నటి పొగచారగా మారి బట్టీల వైపు జారిపోయాడు.

పందిరి కింద భటులు నల్లగుడ్డలు విప్పుకుంటూ లేస్తున్నారు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. శరభుడు ఒక్క పరుగున కాలువ చేరి, రోకలిని తూము పలక సందులో గుచ్చి, భుజం ఆనించి ఎత్తాడు. ఓబన్న బలం ఉండవలసిన చోట తన ఎడమచెయ్యి పెట్టాడు. పలక కీచుమని లేచింది. నీళ్ళు వెల్లువై చప్పిడి గోడ మీద విరుచుకుపడ్డాయి.

మొదట ఏమీ కాలేదు. భటుల అడుగులు దగ్గరపడుతున్నాయి. ఆడవాళ్ళు అడ్డంగా నిలబడి రోకళ్ళు తిప్పుతున్నారు. అవ్వ గోడ మీద అరచెయ్యి పెట్టి, "కరుగు తల్లీ" అని బతిమాలింది. "నా పిల్లలు తిన్న బెల్లం నీది. ఇన్నేళ్ళకు నీ బాకీ వసూలు చేసుకో." రాళ్ళ సందుల్లోంచి సున్నం తడిసిన పిండిలా జారింది. ఒక రాయి కదిలింది. దాని మీదిది కుంగింది. భళ్ళున ఇంత మేర కూలి, మనిషి దూరేంత కన్నం పడింది.

అవతల పచ్చిక ఉంది. చెంగల్వకు అది కనపడలేదు. గాలి ముఖానికి తగలగానే ఆమె ఆగిపోయింది. "తమ్ముడూ, గడ్డి వాసన" అంది. అన్ని సంవత్సరాల తర్వాత ఆమె నవ్వింది. ఏ నవ్వుకైతే ఆమెను ఈ నరకంలో పడేశారో, అదే నవ్వు. శరభుడి గుండె నిండిపోయింది. ఇంతకోసమే కదా వచ్చాడు. ఆమె చెయ్యి పట్టుకుని కన్నంలో అడుగు పెట్టాడు.

అప్పుడే నగారా మోగింది.

శరభుడి కాలు కదల్లేదు. ముందుకు లాగితే అక్క, వెనక్కి చూస్తే చివరి బట్టీ. అతని తటపటాయింపు చెంగల్వ చేతికి తెలిసిపోయింది.

"మామ ఒక్కడే ఉండాడు" అంది ఆమె.

"నిన్ను వదిలిపెట్టి ఎట్టా పోయేది అక్కా?"

"నేను ఇక్కడికి వచ్చిన మొదటి ఏడు, జ్వరంతో రోకలి ఎత్తలేకపోతే నా వంతు కూడా ఆయనే దంచినాడు. నెలంతా. నువ్వు అప్పుడు లేవు. ఆయన ఉండాడు." ఆమె చెయ్యి విడిపించుకుంది. "పాము చుట్టిన కాలితో చిట్టన్న పరుగెత్తలేడు, అవ్వతో పాటు నా దగ్గర ఉంటాడు. పో. మామను తీసుకునే రా."

శరభుడు మళ్ళీ ఆమె ముఖం చూస్తే వెళ్ళలేనని తెలిసి, చూడకుండానే వెనుదిరిగాడు. గోడ వైపు పరుగెత్తే జనానికి ఎదురీదుతూ, భటుల కొరడాల కింద వంగుతూ, నీళ్ళు తగిలి పొంగే సున్నపు గుంటల ఆవిరిలోంచి దూకుతూ చివరి బట్టీ చేరాడు. అడుగున కట్టెలు అంటుకున్నాయి. మూతి దగ్గర కాపలావాడు తలుపురాయిని దొర్లిస్తున్నాడు.

"ఏయ్ చెయ్యీ, యాడికి?"

"చెయ్యిని కాదు" అన్నాడు శరభుడు. "లోపలున్నాయన అల్లుణ్ణి."

వాడు తేరుకునేలోగా ఆ సందులోంచి లోపలికి దూకాడు. పొగ కళ్ళను పొడిచింది. పాదాల కింద రాళ్ళు వెచ్చబడుతున్నాయి. "మామా" అని పిలిచాడు.

"అల్లుడా" అని రెండు గొంతులు పలికాయి.

రాళ్ళ నడుమ ఇద్దరు ఓబన్నలు ఉన్నారు. అదే తెగిన చెవి, అదే వంగిన నడుము, అదే దగ్గు. ఇద్దరి చేతులకూ సంకెళ్ళే. ఇద్దరి కళ్ళలోనూ ప్రాణభయమే. వెంట్రుక అంటుకున్న పాకం ముద్దను కజ్జలుడు ఎందుకు వదల్లేదో శరభుడికి అప్పుడు అర్థమైంది. వెనక తలుపురాయి దొర్లుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఒక్కరినే లాక్కుపోగలడు. తప్పు మనిషిని ముట్టుకుంటే మామతో పాటు తానూ బూడిదే.

కానీ ఆ మాయావికి తాను ఏ తప్పు చేసి దొరికిపోయాడో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

"లే మామా" అన్నాడు శరభుడు దగ్గుతూ. "అవ్వ జావ కాచి పెట్టింది. ఆమె ఎదురుగా కూచుని, ఆమె ముంతలోదే తాగుదువు గాని."

"పద అల్లుడా, పద" అంటూ కుడివైపు ఓబన్న ఆత్రంగా చెయ్యి చాచాడు.

ఎడమవైపు ఓబన్న చాచబోయిన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కాళ్ళ కింద మంట లేస్తున్నా, ఊపిరి అందకపోయినా ముఖం చిట్లించాడు. "అత్తగారి ముంతలోనా? ఆమె ఎదురుగానా? మర్యాద తెలీని మాటలు మాట్లాడతావేం రా. నా జావ వేరే చిప్పలో పోసి, ఆ రాతి చాటున పెట్టమని మీ అవ్వతో చెప్పు."

శరభుడు ఎడమచేత్తో ఆ ముసలి మణికట్టును ఒడిసిపట్టుకున్నాడు. ముగ్గురూ లోపల ఉండగానే వెనక తలుపురాయి దభీమని మూతపడింది.